కొక్కెం గుర్తు

ట్రెగారన్‌లో రంగుల కొట్టు
శనివారం పన్నెండుకే మూసేస్తారు.
పదకొండున్నరకి చేరాను.
జేబులో ట్రాక్టరు చక్రం నించి ఊడిన పెచ్చు,
గోరంత.
పైన ఎవరో పూసిన తలుపుల ఎరుపు,
దాని కింద ఇంకెవరో పూసిన వెండి రంగు,
అట్టడుగున, పిలవని పేరంటానికి వచ్చినట్టు ముడుచుకుని
అసలైన ఫోర్డ్‌సన్ నారింజ.

"ఏ నారింజ?" అని ఎలేరి
కౌంటరు మీద రంగు అట్టలు పరిచింది.
ఒకటి మరీ మంట, ఒకటి మరీ పండు.
నా పెచ్చు దేనితోనూ కలవదు,
డెబ్బై ఏళ్ళ ఎండని ఏ కంపెనీ డబ్బాలో కలుపుతుంది?
"సరేలే, రంగు చివరి మాట.
కింద ఏం వేస్తున్నావు?"

కింద.
బరువు కోసం టైర్లలో పోసిన ఉప్పునీళ్ళు
వాల్వు దగ్గర కారి కారి
రిమ్ముని లోపల్నించి తిన్నాయి.
ఇసుకతో కొట్టించి చూస్తే
చెదపట్టిన దస్తావేజు.

"ఉత్త ఇనుము మీద సర్ఫేసర్ కొట్టకు,
అది స్పాంజి, తేమ తాగుతుంది.
ముందు ఎపాక్సీ ప్రైమర్.
ఆ పైన సర్ఫేసర్, దట్టంగా రెండు పూతలు,
మధ్యలో ఇరవై నిమిషాలు. మన వానలో నలభై.
టూ ప్యాక్ అయితే గాలి గొట్టం ముసుగు లేకుండా ముట్టకు,
ఊపిరితిత్తులకి టచప్ దొరకదు.
నట్లు కూర్చునే చోట మాత్రం రంగు వద్దు,
అక్కడ ఇనుమూ ఇనుమూ నేరుగా తగలాలి."
పైన పటారం లోన లొటారం పని
ఆమె కొట్లో అమ్మరు.

కంప్రెసర్ పక్కింటి టెగ్విన్‌ది.
తనే తోసుకొచ్చాడు, తనే తీగ చుట్టాడు,
షెడ్డు రేకు మీద వాన మాట్లాడుతుంటే
తను మాట్లాడకుండా కూర్చున్నాడు.
బూడిదరంగు సర్ఫేసర్ ఆరింది.
దాని మీద మంచులా, పల్చగా, నల్లరంగు చిమ్మి
మూడువందల ఇరవై కాగితంతో రుద్దాను.
మిట్టల మీద నలుపు పోతుంది,
పల్లాల్లో దాక్కుంటుంది.
అదే దాని ఉద్యోగం:
చేతికి తెలియని గుంటని కంటికి చెప్పడం.

కుడి చక్రం, వాల్వుకి జానెడు దూరం.
రుద్దేకొద్దీ తేలింది
వంకర తిరిగిన నల్లటి కొక్కెం.

అమ్మ ఓల్వెన్‌కి అప్పుడు ఇరవై ఆరు.
టెగ్విన్ గేటు దాటుతూ చక్రం గుద్దింది.
"మీ స్తంభం కొక్కెం బయటికి పొడుచుకుని ఉంది" అంది తను.
"ఆడవాళ్ళకి స్టీరింగ్ ఎందుకు" అన్నాడు వాళ్ళ నాన్న.
ఊరు రెండో మాటే నమ్మింది.
అమ్మ మళ్ళీ ఆ సీటు ఎక్కలేదు.

నేనేమీ అనలేదు.
గుమ్మడికాయల మాటే ఎత్తలేదు,
అయినా టెగ్విన్ భుజం తడుముకున్నాడు.
"ఇంకో పూత వేస్తే పూడిపోతుంది" అన్నాడు,
తుపాకీ ముక్కు తుడుస్తూ, మళ్ళీ తుడుస్తూ.

పూడుతుంది. ముప్పావు మిల్లీమీటరు లోతు, అంతే.
కాగితం పెట్టి పెన్సిలుతో అద్దాను,
కొక్కెం కాగితం మీదకి దిగింది.
దాన్ని అమ్మ లైసెన్సు పుస్తకంలో పెట్టి
మరో రెండు పూతలు కొట్టాను.
ఇప్పుడు వేలితో వెతికినా లేదు.
రంగు, చివరికి, మంటదే తీసుకున్నాను.
ఎండ మిగతాది చూసుకుంటుంది.

కొత్త చక్రాలు పది మైళ్ళు తిరిగాక
నట్లు మళ్ళీ బిగించాలి.
మొదటి మైలు దాటకుండానే టెగ్విన్ పొలం.
గేటు తీసేసి ఇరవై ఏళ్ళు, స్తంభం మాత్రం ఉంది.
బండి ఆపాను.
కొక్కెం లేదు.
రంపపు కోత, తెల్లగా, నిన్నటిదో మొన్నటిదో,
పక్కన గడ్డిలో ఇనప రజను.

ప్రైమర్ వేయలేదు మనిషి.
ఈ వానకి వారంలో తుప్పు పడుతుంది.